కాస్‌ప్లే కవచానికి ఫోమా, వోర్బ్లానా, త్రీడీ ప్రింటా? ఏ ముక్కకి ఏది వాడాలి

కొత్తగా కాస్‌ప్లే, అంటే సినిమా, కామిక్, గేమ్ పాత్రల వేషం వేసుకోవడం, మొదలుపెట్టేవాళ్లు దాదాపు అందరూ అడిగేది ఇదే: "కవచం దేనితో చేస్తే బాగుంటుంది?" నేనూ అలాగే అడిగాను. ఒకరు ఫోమ్ అన్నారు, ఇంకొకరు త్రీడీ ప్రింట్ అన్నారు. చివరికి ఫొటోల్లో ఏది బాగా మెరుస్తుంటే అది ఎంచుకున్నాను. వేసుకుని అద్దం ముందు నిలబడితే బాగానే ఉంది. కూర్చోబోతే పొట్ట దగ్గరి ప్లేటు గొంతు కిందికి తన్నుకొచ్చింది. చెయ్యి భుజం ఎత్తుకి కూడా లేవలేదు.

అప్పటి నుంచి ప్రశ్న మార్చుకున్నాను. ఈ ముక్క ఒంటి మీద ఎక్కడ కూర్చుంటుంది? అక్కడ ఒళ్లు వంగుతుందా? దీన్ని ఎన్ని గంటలు మోయాలి? ఈ మూడింటికీ జవాబు రాసుకుంటే మెటీరియల్ గురించిన సగం నిర్ణయాలు వాటంతట అవే తేలిపోతాయి. ఒకే కాస్ట్యూమ్‌లో మూడు నాలుగు రకాల మెటీరియల్ ఉండటం మామూలే. అన్నీ ఒకదానితోనే చేయాలని పట్టుబడితేనే ఇబ్బంది.

అన్నీ చేత్తోనే చేయాలా?

ఇది ముందే తేల్చుకోండి. రెడీమేడ్ కాస్ట్యూమ్ కొని వేసుకున్నా అది కాస్‌ప్లేనే, అందులో చిన్నతనం ఏమీ లేదు. కాకపోతే అక్కడ కొలతలు మనకి తగ్గట్టు రావు, బట్ట పలచగా ఉంటుంది, మనం నేర్చుకునేదీ తక్కువ. అలాగని మొదటిసారే తల నుంచి కాలి దాకా అన్నీ చేయాలని కూర్చుంటే, సగంలో అలసిపోయి మూలన పెట్టేసేవాళ్లే ఎక్కువ. మొదటి కాస్ట్యూమ్‌కి నేను చెప్పేది ఒకటే. ప్యాంటు, చొక్కా, బూట్లు దొరికినవి తీసుకుని మార్చుకోండి. ప్రతి పాత్రకీ చూడగానే గుర్తుపట్టించే ముక్క ఒకటి ఉంటుంది, అది కిరీటమో, భుజకవచమో, పెద్ద కోటో కావచ్చు. దాన్ని మాత్రం మొదటి నుంచీ మీరే చేయండి. చూసేవాళ్ల కళ్లూ దాని మీదే పడతాయి, మీ చేతికి పనీ దానితోనే వస్తుంది.

ఈ హాబీ మొదలైందే ఇంట్లో కుట్టుకున్న బట్టలతో. 1939లో న్యూయార్క్‌లో జరిగిన మొదటి వరల్డ్ సైన్స్ ఫిక్షన్ కన్వెన్షన్ అనే అభిమానుల సమావేశానికి మర్టిల్ డగ్లస్ అనే ఆవిడ, ఆవిడ స్నేహితుడు ఫారెస్ట్ అకర్‌మన్ భవిష్యత్తు కాలపు దుస్తుల్లో వెళ్లారు. ఇద్దరివీ తయారుచేసింది మర్టిలే. మరుసటి ఏడాది షికాగోలో జరిగిన కన్వెన్షన్‌లో వేషాల కార్యక్రమమే పెట్టారు. కాస్ట్యూమ్, ప్లే కలిపి కాస్‌ప్లే అన్న మాట జపాన్‌లో పుట్టింది ఆ తర్వాత నాలుగు దశాబ్దాలకి, 1980లలో. సైన్స్ ఫిక్షన్ అభిమానుల్లో అకర్‌మన్ పేరు తెలిసినవాళ్లు చాలామంది ఉన్నారు, సూదీ దారం పట్టిన ఆవిడ పేరు తెలిసినవాళ్లు తక్కువ. అందుకే ఆ పేరు ఇక్కడ రాశాను.

పోటీలో పాల్గొనాలని ఉంటే ఇంకో సంగతి. కాస్ట్యూమ్‌లో ఎంత భాగం చేత్తో చేసి ఉండాలి, త్రీడీ ప్రింట్‌ని ఎలా లెక్కిస్తారు అనేది ఒక్కో పోటీలో ఒక్కోలా ఉంటుంది. రూల్స్ చదివాకే మెటీరియల్ కొనండి. మొదటి రోజు నుంచీ పని జరుగుతున్న ఫొటోలు తీసి పెట్టుకోండి. పూర్తయిన కోటు మీదే కుట్టారని నిరూపించడానికి అవే దిక్కు.

ఫోమ్: ఎక్కువ చోట్ల నా ఓటు దీనికే

ఈవీఏ ఫోమ్ అంటే చెప్పుల అడుగులకీ, పిల్లలు ఆడుకునే నేల మ్యాట్‌లకీ వాడే మెత్తటి షీటే. ఎక్కువగా దొరికేవి 2, 5, 6, 10 మిల్లీమీటర్ల మందం షీట్లు. ఛాతీ కవచం లాంటి పెద్ద ముక్కలకి 10, చేతులకీ కాళ్లకీ 5 లేదా 6, పైన అతికే గీతలకీ అంచులకీ 2 సరిపోతాయి. వేడి చేస్తే వంగుతుంది, చల్లారాక ఆ ఒంపులోనే ఉండిపోతుంది. తేలిక. కింద పడినా పగలదు. పక్కవాళ్లకి తగిలినా దెబ్బ తగలదు. జనం కిక్కిరిసిన హాలులో రోజంతా తిరగాల్సినవాళ్లకి ఈ చివరి రెండూ చిన్న విషయాలు కావు.

నేల మ్యాట్ కొనాలా, కాస్‌ప్లే కోసమే అమ్మే ఫోమ్ కొనాలా అన్న సందేహం చాలామందికి వస్తుంది. మ్యాట్‌కి ఒకవైపు గీతలో, చుక్కలో అచ్చై ఉంటాయి. ఆ వైపు లోపలికి పెట్టుకుంటే సరిపోతుంది. నేర్చుకునే దశలో మ్యాట్ చాలు, ఎందుకంటే మొదటి ముక్కలు పాడవక తప్పదు. కాస్‌ప్లే ఫోమ్ రెండువైపులా నున్నగా, కొంచెం గట్టిగా ఉంటుంది. మూలలు పదునుగా తెగుతాయి, గరుకు కాగితంతో రుద్దితే చక్కగా నునుపు తేలుతుంది. చేయి తిరిగాక దీనికి మారండి.

పని నాణ్యత ఎక్కువగా బ్లేడు పదును మీదే ఆధారపడి ఉంటుంది. మొద్దుబారిన బ్లేడు ఫోమ్‌ని కోయదు, చింపుతుంది. నేనైతే పిసరు మొద్దుబారినట్టు అనిపించగానే కట్టర్ కొస విరిచి కొత్త మొన తీస్తాను. కోసేటప్పుడు బ్లేడు నిటారుగా ఉండాలి, పక్కకి వాలితే రెండు ముక్కల అంచులూ కలవవు. కోయడం అయ్యాక హీట్ గన్‌తో (బాగా వేడి గాలి ఊదే పరికరం) పైపొరంతా ఒకసారి వేడి చేయండి. పొర కొంచెం మెరిసి రంగు మారుతుంది, అంటే రంధ్రాలు మూసుకున్నట్టు. ఈ పని వదిలేస్తే ఫోమ్ రంగుని తాగుతూనే ఉంటుంది, ఎన్ని పూతలు వేసినా మచ్చమచ్చలుగా కనిపిస్తుంది. ఆ తర్వాత సాగే గుణమున్న ప్రైమర్ (రంగుకి ముందు వేసే పూత) వేయాలి. గట్టిగా ఆరే ప్రైమర్ వేస్తే, ముక్క వంగిన ప్రతిసారీ రంగు పగిలి లోపలి ఫోమ్ బయటపడుతుంది.

ఫోమ్‌కి లోపాలూ ఉన్నాయి. గోరు గట్టిగా తగిలితే సొట్ట పడుతుంది. సన్నటి మొనలు, నగల మీద ఉండే చిన్న చెక్కడం దానితో తేలవు. అక్కడికి వేరే మెటీరియల్ కావాలి.

వోర్బ్లా: కిరీటాలకీ కొమ్ములకీ

వోర్బ్లా ఒక థర్మోప్లాస్టిక్ షీటు. మామూలు రకం సుమారు 90 డిగ్రీల సెల్సియస్ దగ్గర మెత్తబడి, ఏ ఆకారంలోకైనా ఒదుగుతుంది, చల్లారితే గట్టిపడుతుంది. వేడిగా ఉన్నప్పుడు తనకు తానే అంటుకుంటుంది కాబట్టి జిగురుతో పని లేదు. ఆకారం నచ్చకపోతే మళ్లీ వేడి చేసి మార్చుకోవచ్చు. కోయగా మిగిలిన తునకలన్నీ కలిపి వేడి చేసి, పిండిముద్దలా పిసికి, చిన్న చిన్న పూలూ పాములూ చేసుకోవచ్చు. చేతితో బొమ్మలు మలచడం ఇష్టమున్నవాళ్లు దీన్ని ఒకసారి పట్టుకుంటే వదలరు.

ఇబ్బందులూ ఉన్నాయి. ఫోమ్‌తో పోలిస్తే ఖర్చు బాగా ఎక్కువ, బరువు కూడా. ఇక దాని ఉపరితలం గరుకు. అద్దంలాంటి నునుపు రావాలంటే ప్రైమర్ పూయడం, ఆరనివ్వడం, రుద్దడం మళ్లీ మళ్లీ చేయాల్సిందే. అందుకే ఒళ్లంతా వోర్బ్లాతో చేయమని నేను ఎవరికీ చెప్పను. కిరీటం, కొమ్ములు, ముంజేతి కవచం మీది చెక్కడం, నడుము పట్టీ బిళ్ల, ఇలాంటి చోట్ల దీనికి సాటి లేదు. పెద్ద ముక్కకి గట్టిదనం కావాలంటే లోపల ఫోమ్ పెట్టి పైన వోర్బ్లా కప్పొచ్చు. లోపలి ఫోమ్ మందాన్ని ఇస్తుంది, పైపొర దెబ్బలకి ఓర్చుకుంటుంది. హెయిర్ డ్రయ్యర్ వేడి దీనికి సరిపోదు, హీట్ గన్ కావాలి. చేతికి గ్లౌజులు మరవకండి.

త్రీడీ ప్రింట్: హెల్మెట్ దగ్గర తిరుగులేదు, మిగతా చోట్ల ఆలోచించండి

రెండువైపులా అచ్చం ఒకేలా ఉండాల్సిన హెల్మెట్, యంత్రంలా కనిపించే తుపాకీ, చెక్కుడు రాళ్లు, బొత్తాలు. వీటిలో, ప్లాస్టిక్‌ని పొరలు పొరలుగా పేర్చి వస్తువు చేసే త్రీడీ ప్రింటర్ ఇచ్చే కచ్చితత్వం చేతికి రావడం కష్టం. అయితే ప్రింటర్ ఆగిన క్షణమే ముక్క సిద్ధమైపోతుందని అనుకుంటే పొరపాటు. ఒక హెల్మెట్ ప్రింట్ కావడానికే ఒక రోజు దాటొచ్చు. ఇళ్లలో కనిపించే చాలా ప్రింటర్ల పళ్లెం సుమారు 220 మిల్లీమీటర్ల చదరం, పెద్దవాళ్ల హెల్మెట్ దాని మీద ఒకే ముక్కగా పట్టకపోవచ్చు. అప్పుడు ముక్కలుగా తీసి అతకాలి. ఆ తర్వాత పొరల గీతలు పోయేదాకా 120 నంబరు గరుకు కాగితంతో రుద్ది, గీతల్ని పూడ్చే ఫిల్లర్ ప్రైమర్ కొట్టి, 220తో, మళ్లీ 400తో రుద్దాలి. ప్రింటింగ్‌కి పట్టిన సమయం మెషిన్‌ది, రుద్దడానికి పట్టేది మీది.

సైజు తప్పితే అంతా వృథా. తల చుట్టుకొలత ఒక్కటీ చాలదు. గడ్డం నుంచి నడినెత్తి దాకా, నుదుటి నుంచి వెనక తల దాకా, చెవుల దగ్గర వెడల్పు, అన్నీ కొలవండి. లోపల మెత్త పెట్టడానికి చోటు వదలండి. మొత్తం ప్రింట్ చేసే ముందు హెల్మెట్ మధ్యలోంచి ఒక సన్నటి వలయం మాత్రం ప్రింట్ చేసి తలకి పెట్టి చూసుకుంటే మనసు కుదుటపడుతుంది.

ఏ ప్లాస్టిక్ అన్నదీ ముఖ్యమే. ఎక్కువమంది వాడే పీఎల్‌ఏ సుమారు 60 డిగ్రీల దగ్గరే మెత్తబడటం మొదలవుతుంది. ఎండలో ఆపిన కారులో, నేరుగా ఎండ పడే చోట అంత వేడి వచ్చేస్తుంది. నా హెల్మెట్ ఒకటి అలాగే చెంప దగ్గర జారిపోయింది. మూడు వారాల రుద్దుడు ఒక్క మధ్యాహ్నంలో పోయింది. పీఈటీజీ సుమారు 80 డిగ్రీల దాకా నిలుస్తుంది, కింద పడినా అంత తేలిగ్గా విరగదు, కానీ రుద్దడం కాస్త కష్టం. ద్రవంగా ఉండే రెసిన్‌ని వెలుతురుతో గట్టిపరిచే రెసిన్ ప్రింటర్లతో నగలు, చిన్న బొమ్మలు అద్భుతంగా వస్తాయి. కానీ గట్టిపడని రెసిన్ చర్మానికి తగిలితే అలర్జీ రావచ్చు. గ్లౌజులు లేకుండా ముట్టుకోకండి.

అట్ట, కాగితం, థర్మోకోల్

వీటిని చిన్నచూపు చూడకండి. ఏ కవచమైనా ముందు అట్టతో చేసి, వేసుకుని, కూర్చుని, చేతులెత్తి చూశాకే నేను ఫోమ్ ముట్టుకుంటాను. ఒంటికి సరిపోయే నమూనా కావాలంటే ఇంకో పద్ధతి ఉంది. పాత టీషర్టు మీద ప్లాస్టిక్ ఫిల్మ్ చుట్టి, దాని మీద వెడల్పు టేపు అంటించి, కవచం గీతలు పెన్నుతో గీసి, ఇంకొకరి సాయంతో జాగ్రత్తగా కోసి తీస్తే అచ్చంగా మీ ఒంటి కొలతే చేతికొస్తుంది. పెపకురా అనే జపాన్ సాఫ్ట్‌వేర్ త్రీడీ మోడల్‌ని కాగితం ముక్కలుగా విప్పి ఇస్తుంది. ఆ ముక్కల్ని ఫోమ్ మీద గీసుకుంటే ప్రింటర్ లేకుండానే హెల్మెట్ చేయొచ్చు.

పెద్ద సుత్తి, రెక్కలు లాంటి భారీ ఆకారాలకి థర్మోకోల్ తేలిగ్గా ఉంటుంది. ఒకటే జాగ్రత్త. స్ప్రే పెయింట్, కాంటాక్ట్ సిమెంట్ (ఫోమ్ అతకడానికి వాడే ఘాటైన జిగురు) దానికి తగిలితే కరిగి గుంతలు పడుతుంది. నీటితో కలిపే రంగులు, నీటి ఆధారిత జిగురే వాడాలి.

ఒంటి మీద ఏది ఎక్కడ

ఛాతీ, వీపు కవచాలు ఫోమ్‌తోనే చేయండి, పక్కల బకిల్స్‌తో విడిపోయేలా. పొట్ట దగ్గర ఒకే ప్లేటు పెట్టకండి. రొయ్య పెంకులా ఒకదాని మీద ఒకటి ఎక్కే పట్టీలుగా చేసి, లోపల ఎలాస్టిక్‌తో కలిపితే వంగొచ్చు, కూర్చోవచ్చు. భుజకవచాన్ని ఛాతీ ముక్కకి గట్టిగా అతికించవద్దు, పట్టీతో వేలాడదీస్తే చెయ్యి ఎత్తినప్పుడు అదీ లేస్తుంది. మోకాలు, మోచెయ్యి, అరచేతి వెనక ఎప్పుడూ పలచటి ఫోమే. ముంజేయి, పిక్క లాంటి వంగని చోట్ల మీకు నచ్చింది వాడుకోవచ్చు. తల మీదికి వచ్చేసరికి, హెల్మెట్ అయితే ప్రింట్ లేదా ఫోమ్, కిరీటం అయితే వోర్బ్లా. హెల్మెట్‌లో గాలి ఆడే దారి పెట్టుకోకపోతే పావుగంటలో అద్దం మసకబారి దారి కనిపించదు.

జిగురు విషయం క్లుప్తంగా చెప్తాను. గ్లూ గన్ త్వరగా అంటుతుంది, బట్ట మీద పూసలకీ చిన్న అలంకారాలకీ మంచిది, కానీ అతుకు దగ్గర గట్టుకట్టినట్టు కనిపిస్తుంది, వేడికి ఊడుతుంది. ఫోమ్ అతుకులకి కాంటాక్ట్ సిమెంట్ వాడండి. రెండు అంచులకీ పూసి, తాకితే చేతికి అంటనంతగా ఆరాక కలిపి నొక్కాలి. తడిగా ఉండగానే అంటిస్తే నిలవదు. ఈ జిగురు ఆవిరి ఒంటికి మంచిది కాదు. కిటికీలు తెరిచి, రసాయన ఆవిరిని వడగట్టే ఆర్గానిక్ వేపర్ కార్ట్రిడ్జ్ ఉన్న మాస్క్ పెట్టుకుని చేయండి. దుమ్ము కోసం వాడే మామూలు మాస్క్ ఆవిరిని ఆపదు. ఫోమ్ రుద్దేటప్పుడు లేచే పొడికి దుమ్ము మాస్క్, కళ్లజోడు కావాలి. ఈ రెండు మాస్కుల తేడా తెలియక తలనొప్పితో పని ఆపేసినవాళ్లని చూశాను, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నాను.

బట్ట: మెరుపు చూసి మోసపోకండి

స్క్రీన్ మీద మెరిసే ప్రతిదానికీ శాటిన్ తీసేసుకోవడం కొత్తవాళ్లు ఎక్కువగా చేసే తప్పు. పలచటి పాలిస్టర్ శాటిన్ ఫ్లాష్ వెలుగులో తెల్లగా కొట్టేస్తుంది, ప్రతి ముడతా కనిపిస్తుంది, కుట్టు విప్పితే సూది రంధ్రాలు మిగిలిపోతాయి. యూనిఫారాలకీ కోట్లకీ ట్విల్ లేదా గాబర్డీన్ బాగా నిలబడతాయి. మడత పెట్టిన చోట మడత ఉంటుంది, కాలర్‌కి బక్రం (గట్టి లోబట్ట) వేస్తే రాజసం వచ్చేస్తుంది. జారే గౌన్లకి క్రేప్ మంచిది. ఒంటికి అతుక్కునే సూట్‌లకి నాలుగు వైపులా సాగే స్పాండెక్స్ కావాలి. దానికి స్ట్రెచ్ సూది, జిగ్‌జాగ్ కుట్టు తప్పనిసరి. నేరుగా కుట్టిన కుట్టు సాగగానే పుటుక్కుమంటుంది. కొనేముందు చిన్న ముక్క అడిగి తీసుకుని, ఫోన్‌లో ఒకసారి ఫ్లాష్‌తో, ఒకసారి లేకుండా ఫొటో తీసి పోల్చుకోండి.

కావాల్సిన రంగు దొరక్క అద్దకం వేయాలనుకుంటే ముందు పోగు ఏదో తెలుసుకోవాలి. నూలు బట్టకి ఎక్కే రంగు పాలిస్టర్‌కి ఎక్కదు. నూలు బట్టని కత్తిరించే ముందే ఒకసారి ఉతికి ఆరబెట్టండి, కుట్టాక ముడుచుకుపోతే చేసేదేమీ లేదు. మెషిన్ విషయంలో నేరు కుట్టు, జిగ్‌జాగ్ వచ్చే మామూలు కుట్టుమిషన్ చాలు. బట్ట అంచులు కుట్టే ఓవర్‌లాక్ మెషిన్ కోసం ఆగకండి.

విగ్

విగ్ ఎంచుకునేటప్పుడు వేడి తట్టుకునే సింథటిక్ పోగుదే తీసుకోండి. మామూలు సింథటిక్ విగ్‌కి వేడి తగిలితే పోగులు ముడుచుకుని పాడైపోతాయి. వేడి తట్టుకునేదైనా తక్కువ వేడిలో, లోపలి వైపు ఒక పాయ మీద ముందు చూసుకోవాలి. మనిషి జుట్టుతో చేసిన విగ్ సహజంగా ఉంటుంది, కానీ గాలిలోకి నిలిచే మొనల జుట్టుకి సింథటిక్కే నయం, మలిచిన ఆకారం ఎక్కువసేపు నిలుస్తుంది. జుట్టుకి వేసే మామూలు రంగు సింథటిక్‌కి పట్టదు, కాబట్టి సరైన రంగు విగ్గే వెతకండి. పొడవు మాత్రం కావాల్సినదాని కంటే ఎక్కువే తీసుకోండి. కత్తిరించుకోవచ్చు, పెంచుకోలేం. జుట్టంతా వెనక్కి దువ్విన పాత్ర అయితే నుదుటి దగ్గర లేస్ (జుట్టు మొదలు సహజంగా కనిపించేలా చేసే సన్నటి వల) ఉన్న విగ్ అవసరం. ముందుకి జుట్టు పడే పాత్రకి ఆ ఖర్చు దండగ.

టైమ్ ఎంత ఉంది?

వారం మాత్రమే మిగిలితే బట్టలు మార్చుకుని, ఒక ఫోమ్ ముక్క చేయండి. నెల ఉంటే పూర్తి ఫోమ్ కవచం సాధ్యమే. ప్రింట్ హెల్మెట్ కావాలంటే రుద్దడానికి, రంగులు ఆరడానికి కలిపి ఇంకొన్ని వారాలు వేసుకోండి. ఏ లెక్కలోనైనా చివరి వారం కొత్త పని పెట్టుకోకండి, దాన్ని వేసుకుని చూడటానికి వదిలేయండి.

ఆ వారంలో ఒకరోజు మొత్తం వేషం వేసుకుని రెండు గంటలు ఇంట్లో తిరగండి. మెట్లు ఎక్కండి, కుర్చీలో కూర్చోండి, నీళ్లు తాగండి, బాత్రూమ్‌కి వెళ్లి రావడానికి ఎన్ని పట్టీలు విప్పాలో చూడండి. ఒక్కరే వేసుకోలేకపోతే ఆ రోజు వెంట ఎవరు వస్తారో ఇప్పుడే అడిగి పెట్టుకోండి. ఎక్కడ ఒరుసుకుంటుందో అక్కడ లోపల పలచటి ఫోమ్ లేదా మెత్తటి బట్ట అంటించండి. ఊడిపోయేలా ఉన్న పట్టీ పక్కన ఇంకో కుట్టు వేయండి. ఒక చిన్న సంచీలో సూదీ దారం, పిన్నీసులు, వెంటనే అంటుకునే జిగురు, వెల్క్రో ముక్క, గీతలు పడిన చోట పూయడానికి కవచం రంగు కొంచెం సర్దుకోండి. ఆ సంచీ మోసేది మీతో వచ్చేవాళ్లే, ఎందుకంటే కవచానికి జేబులుండవు.